పూరీ గేట్ షెడ్డులో తెగిన సీలు

సెప్టెంబరు పదిహేడు, విశ్వకర్మ పూజ. ఉదయం పదకొండు గంటలకు ఖరగ్‌పూర్‌లోని పూరీ గేట్ షెడ్డులో వెనక గదికి కస్టమ్స్ వాళ్ళు వేసిన సీలును వెంకటరావు కటింగ్ ప్లయరుతో తెంపాడు. చాటుగా తెంపలేదు. ఇద్దరు సాక్షులను తలుపు ముందు నిలబెట్టి, సీలు మీదున్న నంబరు పైకి చదివి, వాళ్ళు సరేనన్నాక తెంపాడు. సీసం బిళ్లను తీగతో సహా ఒక కవరులో వేసి, అంటించి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ సమయానికి షెడ్డు నడిపే అతని కోడలు మీనాకుమారి కోల్‌కతాలో ఉంది. ఆ సీలును చట్టప్రకారం తీయించే కాగితం కోసం వెళ్ళింది.

షెడ్డులో తయారయ్యేవి మనిషి నిలబడేటంత పెట్టెలు. లోపల చుట్టూ ఆరడుగుల ట్యూబులుంటాయి. బొల్లి, సోరియాసిస్ ఉన్నవాళ్ళు అందులో కొన్ని నిమిషాలు నిలబడతారు. ఆ వెలుతురే మందు. మేదినీపూర్, ఝార్‌గ్రామ్, బాలేశ్వర్ చర్మవైద్యులు కొంటారు. ట్యూబు ఆరిపోకముందే దానిలో పస అయిపోతుంది. వెలుగుతూనే ఉంటుంది, మచ్చ మీద పనిచెయ్యదు. అప్పుడు మార్చాలి. పెట్టెలు అమ్మడం కన్నా ట్యూబులు మార్చడమే షెడ్డును నిలబెట్టిన పని.

మీనాకుమారి శ్రీకాకుళంలో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, పెళ్ళయ్యాక ఖరగ్‌పూర్ వచ్చింది. భర్త గిరిబాబు రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియను. రైల్వేలో ఉన్నవాడు వ్యాపారం చెయ్యకూడదు కనక షెడ్డు ఆమె పేరున పెట్టారు. పేరుకు ఆమెదైన షెడ్డు ఏడాది తిరక్కుండానే నిజంగా ఆమెదైపోయింది. పెట్టె గీసేదీ, తీగలు కలిపేదీ, డాక్టర్లతో మాట్లాడేదీ ఆమే. చేతికింద టోని ఉన్నాడు. టోని చేరినప్పుడు హోల్డరుకూ స్టార్టరుకూ తేడా తెలియదు. ఇప్పుడు బాలేశ్వర్ దాకా ఒక్కడే వెళ్ళి పెట్టె బిగించి వస్తాడు.

ఆ ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. కోల్‌కతాలో ఒక వర్తకుడు విదేశం నుంచి తెప్పించి ఆమెకు అమ్మేవాడు. రూలు మారాక అతను ఆ సరుకు మానేశాడు. పాదరసం ఉన్న దీపాలు దిగుమతి చేసేవాళ్ళు కేంద్ర కాలుష్య బోర్డులో పేరు నమోదు చేసుకోవాలి. ట్యూబులో పాదరసం ఎంతుందో తయారీదారు చేత రాయించి ఇవ్వాలి. అమ్మిన ట్యూబులు కాలం చెల్లాక వాటిని పద్ధతిగా నాశనం చేయించే బాధ్యత తీసుకోవాలి. మీనాకుమారి తనే తెప్పించాలనుకుంది. షెడ్డుకు రాష్ట్ర కాలుష్య బోర్డు ఇచ్చిన అనుమతి ఆమె దగ్గర ఉంది. అదే చాలనుకుంది. అదీ ఇదీ వేరని సరుకు రేవులో దిగాక తెలిసింది.

కస్టమ్స్ వాళ్ళు ఒక సౌకర్యం ఇచ్చారు. రేవులో ఉంచితే అద్దె పెరుగుతుంది కాబట్టి సరుకును ఆమె షెడ్డులోనే ఒక గదిలో పెట్టి, తాళం వేసి, చెవి షెడ్డులోనే ఉంచి, సీలు వేశారు. నమోదు కాగితం వచ్చేదాకా సీలు తియ్యకూడదు, ట్యూబు వాడకూడదు, అమ్మకూడదు. మాట తప్పితే సరుకు సర్కారుది. ఆమె సంతకం పెట్టింది. ఆ గదిలో ఉన్నది ఏడాది పని. అది పోతే షెడ్డు ఉండదు. ఈ సంగతి గిరిబాబుకు తెలుసు, టోనికి తెలుసు. మావగారికీ చెప్పింది.

"మావయ్యా, ఆ గది జోలికెల్లకండి."

"నాకెందుకమ్మా," అన్నాడు వెంకటరావు.

* * *

పూజ నాటి సాయంత్రం ఆమె హౌరా లోకల్ దిగి నేరుగా షెడ్డుకు వచ్చింది. కాగితం చేతికి రాలేదు. వారంలో వస్తుందని చెప్పారు. షెడ్డు ముందు విశ్వకర్మ బొమ్మ, బొమ్మ పక్కన ఒక పెట్టె, పెట్టె మీద బంతిపూల దండ. వెంకటరావు, అతని స్నేహితుడు గణపతిరావు కుర్చీల్లో కూర్చుని కిచిడీ తింటున్నారు. గణపతిరావు రైల్వే పోలీసులో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు.

"రా కోడలా. ముందు పెసాదం తిను," అన్నాడు వెంకటరావు.

ఆమె వెనక గది వంక చూసింది. తాళం ఉంది. సీలు లేదు.

"మావయ్యా, సీలేదీ?"

"జేబులో ఉంది." కవరు తీసి చూపించాడు. "నంబరు సదివినాను. గణపతి ఇన్నాడు, టోని ఇన్నాడు. తెంపినాను. మళ్ళీ తాళం ఏసినాను. ఏటీ తేడా నేదు."

"ముట్టుకోవద్దన్నాను కదా!"

"విశ్వకర్మ పూజ నాడు సామాను కట్టేసి ఉంచుతారేటమ్మా? ఇయ్యాల వర్క్‌షాపు గేటే తీసేసినారు, పెళ్ళాం పిల్లలందరూ ఎల్లి మిసన్లు సూసొచ్చినారు. మన సామానే బందీగా ఉండాలేటి? దేవుడికి సూపిత్తే నీ కాయితం బేగి వత్తాదని సూపించినాను."

"పాత ట్యూబులు అక్కడే ఉన్నాయి కదా. అవి పెట్టి వెలిగించలేకపోయారా?"

"సచ్చిన ట్యూబు దేవుడి ముందర ఎలిగిత్తారేటి?"

గణపతిరావు నవ్వాడు. "నాను సెప్పినాను మీనమ్మా, కోడలొచ్చినాక తియ్యరా అని. ఇంటేనా? సిక్ లైన్లో వేగను ఇప్పినట్టు ఇప్పేసినాడు."

వెంకటరావు ముప్పై ఏళ్ళకు పైగా వ్యాగన్ల ఫిట్టరు. సరుకుతో ఉన్న వ్యాగను దారిలో చెడిపోతే సిక్ లైనుకు తెస్తారు. బాగు చెయ్యాలంటే తలుపు తియ్యాలి, తలుపు తియ్యాలంటే సీలు తెంపాలి. రైల్వే పోలీసు ఒకడు, గూడ్సు క్లర్కు ఒకడు నిలబడతారు. నంబరు చదువుతారు, తెంపుతారు, తెంపిన సీలు దాస్తారు. ఇలా చేస్తే ఎవరినీ ఎవరూ ఏమీ అనరు. వెంకటరావు దృష్టిలో సీలు తెంపడం తప్పు కాదు; సాక్షులు లేకుండా తెంపడం తప్పు. సాక్షికి మాజీ హవల్దారును పిలుచుకు రావడానికి అతను పొద్దున్నే సైకిలు మీద వెళ్ళాడు.

"ఎన్ని ట్యూబులు తీశారు?" అంది మీనాకుమారి.

"ఒక్కటే."

"అదేదీ?"

టోని బొమ్మ ముందున్న పళ్ళెం సర్దడం మొదలుపెట్టాడు. అత్తగారు నూకాలమ్మ గిన్నెలు కడుగుతున్నది అక్కడినుంచే చెప్పింది.

"అది పగిలిపోనాది. హారతి అయినాక మీ మావ దాన్ని గెడకర్ర తిప్పినట్టు తిప్పినాడు, గుమ్మానికి తగిలినాది. నానే తుడిసినాను. పసుపునీళ్ళు సల్లినాను. దిష్టి పోనాదిలే."

"ముక్కలేవి అత్తా?"

"సెత్తకుండీలో ఏసినాను. గాజుముక్కలు ఇంట్లో దాసుకుంటారేటి?"

మీనాకుమారి, టోని వీధి మలుపులో ఉన్న చెత్తకుండీ దగ్గరికి పరుగెత్తారు. మునిసిపాలిటీ ట్రాక్టరు మధ్యాహ్నమే వచ్చి వెళ్ళింది. కుండీలో అరటిదొప్పలు, చిరిగిన గాలిపటం ఒకటి ఉన్నాయి. టోని పుల్లతో అడుగు దాకా కెలికాడు.

"దేవుడికి ఎలిగించినాం కదక్కా," అన్నాడు. "దేవుడే పట్టుకుపోనాడు."

ఆమె నవ్వలేదు. టోని పుల్ల పారేశాడు.

* * *

సుభాష్‌పల్లిలో ఇంటికి వెళ్ళాక గిరిబాబుకు చెప్పింది. అతను వర్క్‌షాపు పూజలో తిని వచ్చి లుంగీ కట్టుకుంటున్నాడు. విని మంచం మీద కూర్చుని తండ్రిని పిలిచాడు.

"నాన్నా, ఏటి సేసినావో తెలస్తందా నీకు?"

"తెలస్తంది. ఆ ఆఫీసరొత్తాడు కదా. నానే సెప్తాను. కవరు నా కాడుంది, గణపతి ఉన్నాడు."

"ఆల్లకి గణపతెవుడు? మీ వేగన్ల రూలు ఆల్లకేల?"

"రూలంటే రూలేరా. సీలు ఎక్కడైనా సీలే."

"మావయ్య చెప్పినట్టే చెబుదామండీ," అంది మీనాకుమారి. "దాస్తే ఇంకా పెద్దదవుతుంది."

"సెప్తే సరుకు పోతాది. సంతకం పెట్టింది నువ్వు, నాకు తెలదేటి?"

ఆమె కోల్‌కతాలో కస్టమ్స్ ఏజెంటుకు ఫోను చేసింది.

"దీదీ, ఎవరితోనూ అనకండి," అన్నాడతను. "సీలు తియ్యడానికి వచ్చే ఆఫీసరు మైతీబాబు. సీలు ఉందా లేదా చూస్తారు, తెంపుతారు, వెళ్తారు. నంబరు కళ్ళద్దాలు పెట్టుకుని చదివినవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు. ట్యూబు ఒకటి తక్కువైతే ఫ్యాక్టరీలోనే తక్కువ పెట్టారని రాయిద్దాం. సీలు సంగతి మీరు చూసుకోండి."

అలాంటి సీలే ఇంకొకటి తెచ్చి వేస్తానని గిరిబాబు అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మర్నాడూ ఒప్పుకోలేదు. డాక్టరు రామచంద్రమూర్తి సుభాష్‌పల్లి క్లినిక్కు నుంచి ఫోను చేసి ట్యూబులు ఎప్పుడిస్తారని అడిగాడు. పెట్టెలో వెలుతురు పనిచెయ్యడం లేదు, వస్తున్నవాళ్ళకు మచ్చలు మళ్ళీ తిరగబెడుతున్నాయి అన్నాడు. వచ్చే వారం అంది.

ఆ వారంలోనే నమోదు కాగితం వచ్చింది. ఆమె ఫోనులో తెరిచి రెండుసార్లు చదివింది. షెడ్డు పేరు సరిగా ఉంది, ట్యూబు రకం సరిగా ఉంది. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. అడ్డున్నది వేలెడు తీగ, చిటికెడు సీసం.

సాయంత్రం గిరిబాబు రాగానే, "మీరన్నది చెయ్యండి," అంది.

గిరిబాబు ఎవరినీ పేరు పెట్టి చెప్పలేదు. రైల్వే గూడ్సు షెడ్డులో తెలిసినవాడు ఒకడున్నాడన్నాడు. మర్నాడు సీసం బిళ్ల, తీగ, అచ్చు వేసే ప్లయరు తెచ్చాడు. టోనిని చాయ్‌కి పంపి వెనక గది గడియకు తీగ దూర్చి నొక్కాడు. బిళ్ల మీద ఏవో నాలుగు అంకెలు పడ్డాయి. రెండడుగుల దూరం నుంచి చూస్తే తేడా లేదు.

వెంకటరావుకు చెప్పలేదు. మైతీ వచ్చే రోజున అతన్ని షెడ్డుకు రానివ్వకుండా ఉంచే పని నూకాలమ్మకు అప్పగించారు. గణపతిరావుకు మోకాళ్ళ నొప్పి ఎక్కువైందట, ఒకసారి చూసి రమ్మని ఆమె భర్తను పొద్దున్నే పంపించింది.

* * *

మైతీ పదింటికి వచ్చాడు. దుర్గాపూజ సెలవులకు ముందు అదే అతని ఆఖరి తనిఖీ. మనిషి మంచివాడు. చాయ్ తాగాడు. వాళ్ళ నాన్న కూడా రైల్వేలో గార్డుగా చేశాడని చెప్పాడు. నమోదు కాగితం చూసి తల ఊపాడు.

"అంతా ఠీక్ హై, దీదీ. పూజకు ముందే మీ పని అయిపోతోంది."

తలుపు దగ్గరికి వెళ్ళి సీలును వేళ్ళతో పట్టుకుని ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. అద్దాలు జేబులోనే ఉన్నాయి. ప్లయరు తెరిచాడు.

వీధిలో సైకిలు ఆగింది. వెంకటరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని లోపలికి వచ్చాడు. వెనక గణపతిరావు మెల్లిగా నడుచుకుంటూ వస్తున్నాడు.

"మోకాళ్ళు బాగానే ఉన్నాయట," అన్నాడు వెంకటరావు కోడలితో. "ఆఫీసరు వత్తాడని టోని సెప్పినాడు. సాచ్చి నేకుండా ఎలగమ్మా, అందుకే తెచ్చినాను." అప్పుడు అతని చూపు తలుపు మీద పడింది. దగ్గరికి వచ్చాడు. వంగి చూశాడు. మైతీ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"తెంపకండి సాబ్. ఇది ఆ సీలు కాదు. నంబరు తేడా."

"మావయ్యా, మీరు ఇంటికెళ్ళండి," అంది మీనాకుమారి.

"ఉండమ్మా, నీకు తెలదు. నంబరు తేడాగా ఉన్న సీలు తెంపితే ఆఫీసరు ఉజ్జోగమే పోతాది. ఎవుడో గదిలో దూరినాడు." జేబులోంచి కవరు తీశాడు. "అసలు సీలు ఇదిగో సాబ్. పూజ నాడు నానే తెంపినాను. ఈ గణపతిరావు సాచ్చి, ఆ టోని సాచ్చి."

ఆ మాటలు అతను హిందీలోనూ చెప్పాడు, మైతీకి అర్థం కాలేదేమోనని బెంగాలీలోనూ చెప్పాడు.

మైతీ ప్లయరు మూశాడు. కవరు తీసుకుని చించాడు. అద్దాలు పెట్టుకున్నాడు. చేతిలోని బిళ్ల చూశాడు, తలుపుకున్న బిళ్ల చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కాకాబాబు, ఎందుకు తెంపారు?"

"విశ్వకర్మ పూజకి. ఒక ట్యూబు తీసి పెట్టెలో ఎలిగించినాం. ఎక్కువసేపు నేదు, హారతి ఇచ్చినంత సేపే."

"వెలిగించారా?"

"ఎలిగించకుండా పూజేటి సాబ్?"

"ఆ ట్యూబు ఏదీ?"

"పగిలిపోనాది. మా ఆడది ఎత్తి పారేసినాది."

"ముక్కలు?"

వెంకటరావు టోని వంక చూశాడు. టోని నేల వంక చూశాడు.

మైతీ తలుపుకున్న సీలును వేలితో చూపించాడు. "దీదీ, ఇది ఎవరు వేశారు?"

గిరిబాబు ఆ సమయానికి వర్క్‌షాపులో డ్యూటీలో ఉన్నాడు. రైల్వే సీసం, రైల్వే ప్లయరు, రైల్వే ఉద్యోగి. మీనాకుమారికి ఆలోచించుకోవడానికి వ్యవధి లేదు.

"నేనే," అంది. "బజార్లో చేయించాను."

వెంకటరావు ఆమె వంక తిరిగాడు. తరవాత తలుపు వంక తిరిగాడు. గణపతిరావు అతని భుజం పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాడు.

"కాకాబాబు చెప్పకపోతే నేను తెంపి వెళ్ళిపోయేవాణ్ణి," అన్నాడు మైతీ. కోపంగా అనలేదు. "ఇప్పుడు రాయకపోతే నా ఉద్యోగం పోతుంది. అది కూడా కాకాబాబే చెప్పారు."

రాసుకున్నాడు. తలుపుకున్న సీలు తెంపి, గదిలో ట్యూబులు లెక్కపెట్టించాడు. ఒక ట్యూబు తక్కువ వచ్చింది. తలుపుకు కొత్త సీలు వేశాడు. రెండు పాత సీళ్ళనూ తనతో తీసుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు, ఇంటినుంచి వచ్చిన నూకాలమ్మ మిఠాయి పొట్లం ఇవ్వబోయింది. వద్దని చేతులు జోడించాడు.

* * *

దీపావళి నాటి కాళీపూజ వెళ్ళాక కోల్‌కతాలో విచారణ జరిగింది. మీనాకుమారి ఒక్కతే వెళదామనుకుంది. వెంకటరావు స్టేషనులో ఆమెకంటే ముందే ఉన్నాడు. రైలు సాంత్రాగాచి దాటాక అన్నాడు:

"ఆ సీలు గిరిగాడే ఏసినాడు కదేటి?"

"మావయ్యా, అక్కడ ఆ మాట అనకండి."

"అననులే."

విచారణ అధికారి ముందు అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెంపింది తనేననీ, శిక్ష తనకే వెయ్యాలనీ అన్నాడు. అధికారి ఆయన ఎవరని అడిగింది. దిగుమతిదారు మావగారని మీనాకుమారి పెట్టుకున్న లాయరు చెప్పాడు. దిగుమతిదారు చెప్పేది మాత్రమే వింటానని అధికారి అంది.

మీనాకుమారి నమోదు కాగితం బల్ల మీద పెట్టింది. అధికారి చూసింది. కాగితంలో లోపం లేదని ఒప్పుకుంది. కాగితం రాకముందు సీలు తెగిందనీ, సరుకు వాడారనీ, పాదరసం ఉన్న ట్యూబు ఒకటి ఊరి చెత్తలో కలిసిందనీ, పైగా దొంగ సీలు వేశారనీ అంది. వీటిలో ఏది కాదో చెప్పమంది. మీనాకుమారి బల్ల మీది కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

బయటికి వచ్చేముందు వెంకటరావు తన కవరు తిరిగి ఇమ్మని గుమాస్తాను అడిగాడు. రికార్డులో చేరిందని ఇవ్వలేదు.

ఉత్తర్వు నవంబరులో వచ్చింది. సరుకు జప్తు. పంపినవాళ్ళకే తిప్పి పంపడానికి ఒక గడువు ఇచ్చారు. లేకపోతే ఆమె ఖర్చుతో నాశనం చెయ్యాలి. కొత్తగా దిగుమతి చేసుకోవడానికి ఆమె మీద నిషేధం పెట్టారు. తయారీదారుకు ఆమె రాసింది. తెరిచిన సరుకు వెనక్కి తీసుకోబోమని మూడు ముక్కల్లో జవాబు వచ్చింది. లాయరు అప్పీలు చెయ్యొచ్చన్నాడు. అప్పీలు తేలేదాకా సరుకు నాశనం చెయ్యడం ఆగుతుందా అని అడిగింది. ఆగదన్నాడు.

డాక్టరు రామచంద్రమూర్తికి ఆమె స్వయంగా వెళ్ళి చెప్పింది. ఆయన విని, పెట్టె బాగుచేసే వేరేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. తనకు తెలిసి ఈ చుట్టుపక్కల లేరంది. మేదినీపూర్ డాక్టరుకూ బాలేశ్వర్ డాక్టరుకూ ఫోనులో చెప్పింది.

డిసెంబరు మొదటి వారంలో లారీ వచ్చింది. మైతీ సీలు తెంపాడు. ఈసారి నంబరు పైకి చదివాడు. వెంకటరావు రాలేదు. టోని, కూలీలు అట్టపెట్టెలు మోశారు. ఒక్క ట్యూబూ పగలలేదు. లారీ హల్దియా వైపు వెళ్ళింది. అక్కడ పాదరసం దీపాలు నలగ్గొట్టే కేంద్రం ఉందని మైతీ చెప్పాడు. నలగ్గొట్టినట్టు కాగితం తరవాతి వారం ఆమెకు అందింది.

సగం కట్టిన పెట్టెలు రెండు తుక్కుకు పోయాయి. టోని ప్రేమ్ బజార్‌లో ఒక మెస్సులో పనికి కుదిరాడు.

షెడ్డు అద్దెకిచ్చిన యజమాని డిసెంబరు ముప్పై ఒకటిన వచ్చి తాళాలు తీసుకున్నాడు.